ఉమ్మడి ఫ్లాట్, 143 వస్తువుల జాబితా: విడాకుల ఒప్పందంలో వాటాలు తేల్చుకోవడం ఎలా?

రెండో_తాళంచెవి
పరస్పర అంగీకారంతో విడాకుల కోసం మేమిద్దరం వేసిన పిటిషన్‌లో మొదటి మోషన్ (కోర్టు ముందు ఇద్దరూ మొదటిసారి అంగీకారం చెప్పడం) అయిపోయింది, దాన్ని ఖరారు చేసే రెండో మోషన్‌కు ఇంకా నాలుగు నెలలు ఉంది. ఇప్పటికీ ఒకే ఫ్లాట్‌లో వేరు వేరు గదుల్లో ఉంటున్నాము, మాట్లాడుకోవలసినవి చాలావరకు కాగితం మీద రాసి హాల్లో బల్ల మీద పెట్టుకుంటున్నాము. ఫ్లాట్ ఇద్దరి పేర్ల మీద ఉంది, సేల్ డీడ్‌లో ఎవరి వాటా ఎంతో రాయలేదు. ఏడేళ్ల క్రితం 60 లక్షలకు కొన్నప్పుడు చేతి నుంచి పెట్టిన 12 లక్షల్లో 8 లక్షలు నా పొదుపు, 4 లక్షలు ఆయనవి. మిగిలిన 48 లక్షలకు ఇద్దరం కలిసి గృహరుణం తీసుకున్నాము. మొదటి నాలుగేళ్లు ఈఎంఐ చెరి సగం కట్టాము. పాప ఆరోగ్యం బాగా లేక నేను ఉద్యోగం మానేశాక, గత మూడేళ్లుగా నెలకు 39 వేల చొప్పున ఆయనే కడుతున్నారు. ఇప్పుడు ఫ్లాట్ 85 లక్షలు పలుకుతుందని ఇద్దరు మధ్యవర్తులు చెప్పారు, అప్పు ఇంకా 38 లక్షలు ఉంది.

ఫ్లాట్ తనే ఉంచుకుంటానని, నేను పెట్టిన 8 లక్షలు నాకు తిరిగి ఇచ్చేస్తానని ఆయన అంటున్నారు. ఇది న్యాయమైన లెక్కేనా?

ఇక సామాను సంగతి. 143 వస్తువులతో జాబితా రాశాము, అందులో 120 దాకా ఒక్క సాయంత్రంలో తేలిపోయాయి. మిగిలిన వాటి దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాము. పెళ్లిలో మా అమ్మ ఇచ్చిన కుట్టు మిషన్‌కు ఆయన తరవాత మోటారు బిగించారు కాబట్టి అది ఉమ్మడిదంటున్నారు. ఆయన సొంత చేతులతో చేసిన పుస్తకాల బీరువాలో ఉన్నవన్నీ నా పుస్తకాలే కాబట్టి అది నాకు కావాలని నేనంటున్నాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, రాతబల్ల, ఫొటో ఆల్బములు కూడా మిగిలిన వాటిలోనే ఉన్నాయి.

ముక్కుసూటి
పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తిలో భార్యకు సగం హక్కు చట్టంలోనే ఉంది. ఇందులో బేరాలాడవలసిన పని లేదు.

దస్తావేజుల_గూడు
ముక్కుసూటి గారూ, అలాంటి చట్టం గోవా వంటి పాత పోర్చుగీసు ప్రాంతాల్లో తప్ప మన దేశంలో మరెక్కడా లేదు. అక్కడ 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ప్రకారం, పెళ్లికి ముందు వేరుగా ఒప్పందం రాసుకోకపోతే, ఆస్తి దంపతులిద్దరి ఉమ్మడి సొత్తు అవుతుంది. మిగతా చోట్ల పత్రం ఎవరి పేరు మీద ఉందో, డబ్బు ఎవరు పెట్టారో అదే చూస్తారు. మీరు విన్నది బహుశా 2010లో వచ్చిన వివాహ చట్టాల సవరణ బిల్లు గురించి అయి ఉంటుంది. అది 2013లో రాజ్యసభ దాటింది కానీ 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది.

ముక్కుసూటి
సరే, గోవాలో పెళ్లి చేసుకోవలసింది అనుకుందాం.

దస్తావేజుల_గూడు
అసలు ప్రశ్నకు వస్తాను. ఇద్దరు కలిసి కొన్న స్థిరాస్తికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 45వ సెక్షన్ వర్తిస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, కొనుగోలుకు ఎవరు ఎంత పెట్టారన్న నిష్పత్తిలో వాటాలు ఉంటాయి, ఆ రుజువు దొరకకపోతే సమాన వాటాలు అనుకుంటారు. మీ 8 లక్షలు మీ ఖాతా నుంచి వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటే దాన్ని ముందు భద్రపరచుకోండి. అయితే 8 లక్షలు వెనక్కి ఇవ్వడమనేది ఏ సెక్షన్‌లోనూ ఇమడదు. మీరు ఆయనకు అప్పు ఇవ్వలేదు, ఆస్తి కొన్నారు. అప్పిచ్చినవారికి అసలు తిరిగి వస్తుంది, కొన్నవారికి పెరిగిన విలువలో వాటా వస్తుంది.

లెక్కల_టీచరు
ఆ మాటను అంకెల్లో పెట్టి చూద్దాం. 85లో 38 పోగా మిగిలేది 47 లక్షలు.

మొదటి పద్ధతి: సమాన వాటాలు అనుకుంటే మీకు 23.5 లక్షలు.

రెండో పద్ధతి: ఇద్దరూ పెట్టిన అసలును మాత్రమే లెక్కిస్తే, రుణంలో ఇప్పటిదాకా తీరిన 10 లక్షల్లో మొదటి నాలుగేళ్లలో సుమారు 5, తరవాతి మూడేళ్లలో సుమారు 5 తీరి ఉంటాయి. అప్పుడు మీవి 8 + 2.5 = 10.5, ఆయనవి 4 + 2.5 + 5 = 11.5. మొత్తం 22లో మీ భాగం దాదాపు 47.7 శాతం, అంటే 22.4 లక్షలు.

ఆయన తర్కాన్నే పట్టుకుని నడిచినా సమాన వాటాకు ఒక లక్ష మాత్రమే తగ్గుతోంది. ఎనిమిది ఎలా వచ్చిందో ఆయన్నే అడగాలి.

అటక_మీద
నేను మూడు సార్లు కూడి చూశాను, మూడు సార్లూ లెక్క సరిగ్గానే వచ్చింది. లెక్కల టీచర్ల మీద నాకున్న పాత కక్ష తీర్చుకునే అవకాశం పోయింది.

వాది_ప్రతివాది
టీచరు గారి రెండో పద్ధతి వినసొంపుగా ఉంది కానీ వడ్డీని పూర్తిగా వదిలేసింది. గత మూడేళ్లలో ఆయన కట్టింది 5 లక్షలు కాదు, 14 లక్షల 4 వేలు. అందులో తొమ్మిది లక్షల దాకా వడ్డీ. నేను ఆయన స్థానంలో ఉన్న మనిషిని. నా విడాకుల్లోనూ నేను కట్టిన వడ్డీ ఎవరికీ కనబడలేదు. ఉమ్మడి అప్పును ఒకరే తీర్చినప్పుడు రెండో వ్యక్తి భాగాన్ని రాబట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్‌లోనే ఉంది.

నీలిగన్నేరు
ఆ మూడేళ్లూ ఆవిడ ఖాళీగా కూర్చున్నారా? జబ్బు పడ్డ పాపను చూసుకోవడానికి ఉద్యోగం మానేశారు. ఆవిడ ఇంట్లో ఉండబట్టే ఆయన ఆఫీసుకు వెళ్లి ఈఎంఐ కట్టగలిగారు. ఇంటిపని ద్వారా ఆస్తి సంపాదనకు భార్య చేసిన దోహదాన్ని లెక్కలోకి తీసుకోవాలని 2023లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో చెప్పి, ఆ దంపతుల ఆస్తిలో భార్యకు సమాన వాటా ఇచ్చింది. పైగా ఆ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి వడ్డీ అంటే అద్దె లాంటిదే.

వాది_ప్రతివాది
ఆ తీర్పు ఇతర రాష్ట్రాల కోర్టులు చదువుతాయి కానీ పాటించి తీరాలని లేదు. ఇక అద్దె అన్న పోలికే తీసుకుంటే, అద్దె కూడా ఇద్దరూ చెరి సగం కట్టవలసిందే కదా?

దస్తావేజుల_గూడు
మీ ఇద్దరి వాదనలనూ కలిపి చట్టం కళ్లతో చూస్తే మూడో లెక్క వస్తుంది. కొన్న రోజున ఆ 48 లక్షల అప్పుకు ఇద్దరూ సమాన బాధ్యులు కాబట్టి, ఆవిడ పెట్టుబడి 8 + 24 = 32 లక్షలు, ఆయనది 28 లక్షలు అని వాదించవచ్చు. అంటే ఆవిడ వాటా సగం కంటే ఎక్కువ, 60లో 32 వంతులు. ఇప్పటి 85 లక్షల్లో అది 45.33. అందులో మిగిలిన అప్పులో సగం 19 తీసేస్తే 26.33. వాది_ప్రతివాది గారు అడిగినట్టు మూడేళ్ల ఈఎంఐలో ఆవిడ భాగం, వడ్డీతో సహా, 7.02 లక్షలు కూడా తీసేయండి. మిగిలేది 19.31 లక్షలు. ఈ లెక్కలో ఆయనకు అనుకూలంగా తగ్గించుకుంటూ వచ్చినా ఎనిమిది దరిదాపులకు రావడం లేదు.

వాది_ప్రతివాది
ఒప్పుకుంటున్నాను. ఎనిమిదిని నేను కూడా సమర్థించలేను.

మాజీ_సహరుణగ్రహీత
అంకె ఏదైనా కానివ్వండి, దానికంటే ముందు బ్యాంకు విషయం చూసుకోండి. మా ఒప్పందంలో ఇల్లు ఆమెకు, అప్పు కూడా ఆమే తీర్చాలి అని రాసుకున్నాము, కోర్టు దాన్ని డిక్రీలో (తీర్పు ఉత్తర్వులో) చేర్చింది. ఆ డిక్రీ మా ఇద్దరి మధ్యనే కానీ బ్యాంకుకు దానితో సంబంధం లేదు. ఉమ్మడి రుణంలో ఒక్కొక్కరూ మొత్తం అప్పుకు బాధ్యులే. రెండేళ్ల తరవాత ఆమె నాలుగు వాయిదాలు తప్పినప్పుడు ఫోన్లు నాకు వచ్చాయి, నా క్రెడిట్ స్కోరు పడిపోయింది, నేను కొనాలనుకున్న చిన్న ఇంటికి రుణం తిరస్కరించారు. నా పేరు రుణం నుంచి తీయించుకోకుండా నా హక్కు వదులుతూ సంతకం పెట్టడమే నేను చేసిన తప్పు. ఇల్లు పోయింది, అప్పు మాత్రం నా పేరు మీద మిగిలింది.

రెండో_తాళంచెవి
నేను భయపడుతున్నది సరిగ్గా ఇందుకే. అయితే ఏ వరుసలో చేయాలి?

దస్తావేజుల_గూడు
ఒరిజినల్ సేల్ డీడ్ బ్యాంకు దగ్గర తనఖాలో ఉంటుంది కాబట్టి బ్యాంకును పక్కన పెట్టి రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే పత్రం) చేసుకోవడం తెలివైన పని కాదు. ఆయన తన ఒక్కరి ఆదాయం మీద కొత్త రుణం మంజూరు చేయించుకోవాలి. దానితో పాత ఉమ్మడి రుణం మూసేసి, మీకు ఇవ్వవలసిన మొత్తానికి డిమాండ్ డ్రాఫ్ట్ తీసుకుని, సబ్‌రిజిస్ట్రార్ ముందు మీరు సంతకం పెట్టే రోజునే అది మీ చేతికి ఇవ్వాలి. పాత రుణం మూసినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం మీ దగ్గర ఒక ప్రతి ఉండాలి.

రాజీ డిక్రీలో రాసేసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదని ఎవరైనా చెబితే జాగ్రత్తగా వినండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇచ్చిన మినహాయింపు దావాకు సంబంధించిన స్థిరాస్తికే వర్తిస్తుంది. విడాకుల పిటిషన్‌లో దావా వివాహం గురించి, ఫ్లాట్ గురించి కాదు. రిజిస్టర్ చేయించుకుంటే తరవాత తలనొప్పి ఉండదు. డబ్బు తీసుకుని హక్కు వదులుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం బదిలీగానే చూస్తుంది కాబట్టి మూలధన లాభం గురించి ఆడిటర్‌ను కూడా ఒకసారి అడగండి.

ఇంకొక మాట. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే రెండో మోషన్‌కు ముందు పూర్తి హక్కు వదలకండి. ఆయన కూడా ముందే పూర్తి డబ్బు ఇవ్వరు, అది ఆయన వైపు నుంచి న్యాయమే.

ముక్కుసూటి
అసలు మాటలు కుదరకపోతే?

దస్తావేజుల_గూడు
విభజన దావా వేసుకోవచ్చు. దంపతుల ఆస్తి తగాదాలను విచారించే అధికారం 1984 నాటి చట్టం కింద ఏర్పడిన ఫ్యామిలీ కోర్టులకు ఉంది. పంచడానికి వీలు కాని ఆస్తిని, సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవారు కోరితే, అమ్మించి డబ్బు పంచమని 1893 నాటి పార్టిషన్ చట్టం చెబుతుంది. అప్పుడు రెండో వాటాదారు కోర్టు కట్టిన విలువకు కొనుక్కుంటానని ముందుకు రావచ్చు. అంటే ఏళ్ల తరబడి తిరిగి మళ్లీ ఇప్పుడు హాల్లో బల్ల దగ్గర కూర్చున్న చోటికే వస్తారు.

అటక_మీద
మా పెదనాన్నలు పంచుకోవడానికి వీలు కాని ఇంటి మధ్యలో గోడ కట్టారు. ఒకరికి మెట్లు వచ్చాయి, ఇంకొకరికి మేడ వచ్చింది.

నీలిగన్నేరు
సామాను గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కుట్టు మిషన్ ఆ జాబితాలో ఉండనే కూడదు. పెళ్లికి ముందు గానీ, పెళ్లిలో గానీ, తరవాత గానీ స్త్రీకి ఇచ్చిన కానుకలు స్త్రీధనం. అది పూర్తిగా ఆమె సొత్తేనని, భర్త దగ్గర ఉన్నా ఉమ్మడిది అయిపోదని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మోటారు బిగించినంత మాత్రాన మిషన్ చేతులు మారదు.

వాది_ప్రతివాది
మోటారు విప్పుకుని వెళ్లవచ్చు.

నీలిగన్నేరు
విప్పి ఇవ్వడానికి ఆవిడకు అభ్యంతరం ఉండదనుకుంటాను. అదే న్యాయం ఇటు వైపు కూడా వర్తిస్తుంది. ఆయన స్వయంగా చేసిన బీరువాలో మీ పుస్తకాలు ఉన్నంత మాత్రాన బీరువా మీది కాదు. అది మీకు కష్టంగా ఉంటుందని తెలుసు.

దస్తావేజుల_గూడు
హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కూడా పెళ్లి సమయంలో వచ్చి ఇద్దరికీ ఉమ్మడిగా చెందే వస్తువుల గురించి డిక్రీలోనే ఏర్పాటు చేయడానికి కోర్టుకు వీలు కల్పిస్తుంది. కానీ వాషింగ్ మెషీన్ గురించి న్యాయమూర్తి ముందు వాదించే ఫీజుతో రెండు కొత్తవి వస్తాయి.

లెక్కల_టీచరు
నిజంగా ఉమ్మడివైన వస్తువులకు ఒక పద్ధతి ఉంది. స్టీవెన్ బ్రామ్స్, అలన్ టేలర్ అనే అమెరికన్ పండితులు 1990లలో రూపొందించారు. ఒక్కొక్కరికీ 100 మార్కులు ఇస్తారు. ఒకరి కాగితం మరొకరికి చూపకుండా, ఏ వస్తువు ఎంత కావాలో ఆ మేరకు మార్కులు పంచాలి. ఉదాహరణకు మీరు ఫ్రిజ్‌కు 20, వాషింగ్ మెషీన్‌కు 15, టీవీకి 10, రాతబల్లకు 25, బీరువాకు 30 వేశారనుకోండి. ఆయన అదే వరుసలో 25, 25, 35, 5, 10 వేశారనుకోండి.

ఎవరు ఎక్కువ వేస్తే వస్తువు వారిది. బల్ల, బీరువా మీకు వస్తాయి, మీ కాగితం ప్రకారం 55. మిగిలిన మూడూ ఆయనకు వెళ్తాయి, ఆయన కాగితం ప్రకారం 85. ఎక్కువ వచ్చిన ఆయన దగ్గర నుంచి, ఇద్దరి మార్కులూ దగ్గరగా ఉన్న వస్తువును ఇటు జరపాలి. అది ఫ్రిజ్. మొత్తం ఇస్తే మీకు 75, ఆయనకు 60 అవుతుంది, అది ఎక్కువైపోతుంది. మూడింట రెండు వంతులు జరిపితే ఇద్దరికీ సరిగ్గా 68.33 చొప్పున వస్తుంది. అంటే ఎవరి లెక్కలో వారికి సగం కంటే ఎక్కువే దక్కుతోంది. ఎన్ని వస్తువులున్నా ముక్క చేయవలసింది ఒక్కదాన్నే అన్నది ఇందులో సొగసు.

అటక_మీద
ఫ్రిజ్‌లో మూడింట రెండు వంతులంటే కింది తలుపు ఆవిడకు, ఐసు గడ్డలు ఆయనకు.

లెక్కల_టీచరు
ఫ్రిజ్ ఆవిడ తీసుకుని, ఇప్పుడు అమ్మితే వచ్చే ధరలో మూడో వంతు ఆయనకు ఇస్తారు. కొన్న ధరలో కాదు. వాడిన సామాను ధర కట్టేటప్పుడు అందరూ పాత బిల్లు తీసి చూపిస్తారు, కానీ ఆ ధరకు ఇప్పుడు కొనేవారు ఎవరూ ఉండరు.

ముక్కుసూటి
పదేళ్లు కాపురం చేసినవారికి ఎదుటివారు దేనికి ఎన్ని మార్కులు వేస్తారో తెలియదా? ఆయనకు టీవీ కావాలని తెలిస్తే నేను 34 వేసి, అది వదులుకున్నట్టు నటించి ఇంకొకటి లాగుతాను.

లెక్కల_టీచరు
వేయండి. ఆయన 33 వేస్తే టీవీ మీ మెడకు చుట్టుకుంటుంది, మిగిలిన అన్నిటికీ కలిపి మీ దగ్గర 66 మార్కులే ఉంటాయి.

మాజీ_సహరుణగ్రహీత
ఈ పద్ధతి కొనగలిగే వస్తువులకు పనికి వస్తుంది. ఫొటోలను మార్కుల్లోకి తీసుకురాకండి. మేము ఆల్బములన్నీ స్కాన్ చేయించి రెండు ప్రతులు చేసుకున్నాము, అచ్చు ఆల్బములు మాత్రం ఎవరి వైపు బంధువులు ఎక్కువగా ఉంటే వారికి వెళ్లాయి. పాప మంచం, బల్ల, బొమ్మలు, సైకిలు కూడా ఎవరి వాటాలోనూ రాకూడదు. అవి పాపవి, పాపతో వెళ్తాయి.

రెండో_తాళంచెవి
పది రోజులు ఇక్కడికి రాలేకపోయాను. మూడు లెక్కలూ ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను, కింద "8 ఎలా వచ్చింది?" అని మాత్రం అడిగాను. ఆయన రెండు రోజులు ఏమీ రాయలేదు. మూడో రోజు ఎదురుగా కూర్చుని చెప్పారు. తన జీతానికి 46 లక్షలకు మించి రుణం రాదని బ్యాంకువారు ముందే చెప్పారట. 46లో పాత అప్పు 38 పోతే 8. నేను పెట్టినది కూడా 8 కావడంతో దానికి ఆ పేరు పెట్టారు. ఇన్నాళ్లూ నేను దాన్ని నా విలువగా లెక్క కట్టుకుని రాత్రుళ్లు ఏడ్చాను.

వాది_ప్రతివాది
ఇప్పుడు ఆయన మీద కోపం రావడం లేదు కానీ, ఈ మాట మొదటి రోజే చెప్పవలసింది.

నీలిగన్నేరు
నాకు కోపం వస్తూనే ఉంది. ఇన్నాళ్లూ ఆవిడ చేత 8 లక్షల న్యాయాన్యాయాల గురించి ఆలోచింపజేశారు.

దస్తావేజుల_గూడు
అయితే మిగిలిన మొత్తం ఆయన మరో చోట నుంచి తేవాలి, లేదా ఫ్లాట్ బయటివారికి అమ్మాలి. వాయిదాల్లో ఇస్తానంటే, చివరి రూపాయి అందేదాకా పత్రంలో మీ పేరు ఉండాలి. అలా ఉన్నంతకాలం బ్యాంకు మిమ్మల్ని రుణంలోనూ ఉంచమంటుంది. మాజీ_సహరుణగ్రహీత గారి కథ మళ్లీ మొదలవుతుంది.

రెండో_తాళంచెవి
అమ్మడానికే నిర్ణయించుకున్నాము. అప్పు, ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో నాకు 48 శాతం, ఆయనకు 52 శాతం. టీచరు గారి రెండో లెక్క దగ్గర ఇద్దరం ఆగాము. కొన్నవారి డబ్బుతోనే ఉమ్మడి రుణం మూసేస్తారు కాబట్టి ఎవరి పేరూ బ్యాంకులో మిగలదు.

సామానుకు మార్కుల పద్ధతి ప్రయత్నించాము. నేను బీరువాకు 40 వేశాను. ఆయన 4 వేశారు. తను చేసిన బీరువాకు అంత తక్కువ ఎందుకని అడిగితే, వెళ్లే గదిలో అది పట్టదని అన్నారు. కుట్టు మిషన్‌ను జాబితా నుంచి ఆయనే కొట్టేశారు, మోటారు విప్పలేదు.

అటక_మీద
143లో అన్నీ తేలినట్టేనా?

రెండో_తాళంచెవి
ఒక్కటి మిగిలింది. బాల్కనీలో ఒక పొడవాటి ఇనప నిచ్చెన ఉంది, దానికి ఇద్దరమూ సున్నా వేశాము. అద్దె ఇంటికి తీసుకువెళ్లడం ఇద్దరికీ కష్టమే.

లెక్కల_టీచరు
సున్నా, సున్నా వచ్చిన వస్తువు గురించి ఆ పండితులు ఏమీ చెప్పలేదు.

దస్తావేజుల_గూడు
కొనేవారితో రాసుకునే ఒప్పందంలో ఫ్యాన్లు, గీజరు, కరెంటు అమరికలు అని రాస్తారు కదా, ఆ వరుసలో నిచ్చెనను కూడా చేర్చేయండి.